నాలుగు ముడులు తక్కువ

4, బుధవారం

డాక్టరుగారు ఈ రోజు కూడా అదే చెప్పారు. రెండో కంట్లో పొర ముదిరిపోతోంది. ఈ నెలాఖరులోగా ఆపరేషన్ చేస్తే చూపు నిలుస్తుంది, ఆ తర్వాత తాను మాట ఇవ్వలేరట.

మామగారు కుర్చీలోంచి కదలకుండానే, "మొదటి కన్ను కూడా మీ చేతుల్లోనే పెట్టాను కదా బాబూ. ఏమైంది?" అన్నారు.

డాక్టరుగారు తల దించుకున్నారు. ఆయనకు ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. నేను మందుల చీటీ మడిచి సంచిలో పెట్టుకున్నాను.

బస్సు దిగాక మామగారు అన్న మాట ఒక్కటే. "ఇంకెప్పుడూ నన్ను ఆ గుమ్మం ఎక్కించకు."

ఐదు నెలల కిందట, మొదటి ఆపరేషన్ అయిన వారంలో, కంట్లో వేయాల్సిన చుక్కల మందు తప్పిన ఆ రెండు రోజులూ పాల లారీ ఆలస్యంగా వచ్చింది. నేను పనిచేసే పాల కేంద్రంలో క్యాన్లు వదిలేసి ఇంటికి రాలేకపోయాను. జరిగింది అదే.

5, గురువారం

ఉదయం పాలు పోసినవాళ్ళు నూట పది మంది. ఇద్దరి పాలలో నీళ్ళు.

6, శుక్రవారం

మా ఆయన ఫోను చేశారు. కోత మిషన్‌తో పాటు ఇంకో ఊరికి మారారట. మరో రెండు నెలల దాకా రారు.

"నాన్న ఒప్పుకున్నాడా?"

"లేదు. ఒక డాక్టరును చూస్తే అందరు డాక్టర్లనూ చూసినట్టేనట."

"నువ్వు చెబితే వింటాడే."

"నా మాట ఎప్పుడు విన్నారు?"

"పోనీ ఏదైనా చదివి వినిపించు. రోజంతా గోడ వైపు తిరిగి కూర్చుంటే ఎవడికైనా మొండితనమే వస్తుంది. నీ దగ్గర ఆ మాయల పుస్తకాలుంటాయిగా."

ఉన్నాయి. ఈ ఐదు నెలల్లో ఒక్కటీ తెరవలేదు. తీరిక లేక.

7, శనివారం

లైబ్రరీకి వెళ్ళాను. లైబ్రరీ ఆవిడ నన్ను చూసి అట్ట విసనకర్ర బల్ల మీద పడేసింది.

"బతికే ఉన్నావా? నీలం అట్ట పుస్తకం ఏదీ? 'తొమ్మిదో గాలి'. ఐదు నెలలైంది."

"ఇంకా అవలేదండీ."

"నువ్వా? నీకు అవలేదా?" అని అదోలా చూసింది.

మామగారికి చదివి వినిపించాలని చెప్పాను. పుస్తకం ఇచ్చే ముందు ఆవిడ ఎవరినైనా సరే నీకేం ఇష్టమని అడగదు. ఇంట్లో ఎలా ఉందని అడుగుతుంది. నాడి పట్టుకున్నట్టే ఉంటుంది.

"ఏం పని చేసేవారు?"

"సర్వేయరు. ముప్పై నాలుగేళ్ళు ఊళ్ళ పొలాలు కొలిచారు."

"అయితే మొదట్లోనే మ్యాపు ఉన్న పుస్తకం ఇవ్వకూడదు. నీ ప్రాణం తీస్తాడు. ఇంట్లో నవ్వు ఉందా?"

"లేదు."

"మనిషికి కోపమా, దిగులా?"

"కోపమే."

నిచ్చెనెక్కి 'మంత్రాల మీద పన్ను' తీసి ఇచ్చింది. చివరి అట్ట లోపల అంటించిన కాగితం చూశాను. ఈ పుస్తకం ఎవరికి ఇవ్వాలో చదివినవాళ్ళు అక్కడ ఒక్క ముక్క రాయాలి. చాలా బాగుంది అని రాస్తే ఆవిడ అక్కడికక్కడే కొట్టేస్తుంది. "బాగుందని నాకూ తెలుసు. ఎవరికి ఇవ్వాలో చెప్పు" అంటుంది. ఈ పుస్తకంలో ఎవరో రాశారు: "ఆఫీసులో తిట్లు తిని వచ్చినవాళ్ళకి". దాని కింద ఇంకొకరు: "తిట్టి వచ్చినవాళ్ళకి కూడా".

9, సోమవారం

మధ్యాహ్నం మొదలుపెట్టాను. ఉదయం పాలు పదకొండు లోపు అయిపోతాయి, సాయంత్రం పాలకు ఐదింటికి వెళ్ళాలి. మధ్యలో నాలుగు గంటలైనా ఖాళీ.

"ఇది జరిగిందా?" అన్నారు మామగారు.

"లేదు మామయ్యగారూ."

"ఎప్పటికైనా జరుగుతుందా?"

"జరగదు."

"మరి పని లేక రాశాడా?"

మొదటి పేజీ తిప్పి చదివాను. రాజ్యంలో మంత్రానికింతని పన్ను వేస్తారు. వసూలు చేయడానికి ఒక గుమాస్తా ఇల్లిల్లూ తిరుగుతాడు. మాయమైపోయే మంత్రం తెలిసినవాడు మూడేళ్ళుగా పన్ను ఎగ్గొడుతున్నాడు.

"కనపడనివాడి దగ్గర ఎలా వసూలు చేస్తాడట?" అన్నారు, వినడం లేదన్నట్టు కూర్చునే.

గుమాస్తా వాడి గుమ్మంలో పిండి చల్లి కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. పిండిలో అడుగులు పడతాయి. తీరా చూస్తే అవి మేక అడుగులు. గుమాస్తా మేకకు నోటీసు ఇస్తాడు.

మామగారు నవ్వారు. ముందు ముక్కులోంచి, తర్వాత నోటితో. నోటీసు తీసుకున్న మేక అప్పీలు చేసుకునే చోట దగ్గొచ్చి మంచినీళ్ళు అడిగారు. "మా ఆఫీసు సంగతి వీడికి ఎవరు చెప్పారు?" అన్నారు.

ఇలా రాసినాయన ఎక్కడుంటాడో! ఆయనే నవ్వితే పుస్తకం పాడయ్యేది. ఒక్కచోట కూడా నవ్వలేదు.

12, గురువారం

'నీడలు కుట్టే దర్జీ'. ఇది ఇంకో రకం. యుద్ధంలో నీడలు పోగొట్టుకున్నవాళ్ళకు ఒక దర్జీ కొత్త నీడలు కుట్టి ఇస్తుంటాడు. యుద్ధం గురించి ఒక్క పేజీ కూడా లేదు. గుడ్డ రంగు, సూది నంబరు, వచ్చినవాళ్ళు కూర్చునే తీరు, అంతే. పెద్ద మాట ఒక్కటీ వాడకుండా గొంతుకు అడ్డం పడేలా రాయడం ఎలా వస్తుందో.

"ఏమీ జరగడం లేదే" అన్నారు మామగారు. కాసేపటికి కళ్ళు మూసుకున్నారు. నేను గొంతు తగ్గించి నాకోసమే చివరిదాకా చదువుకున్నాను.

ఆపరేషన్ మాట ఎత్తాను. అటు తిరిగారు.

14, శనివారం

పంపు దగ్గర బిందె పెడుతుంటే అరుగు మీంచి అడిగారు.

"ఆ దర్జీ తన నీడను కత్తిరించి ఆ పిల్లకే ఇచ్చేశాడా, సగమేనా?"

"మీరు నిద్రపోయారనుకున్నాను."

"కళ్ళు మూసుకుంటే నిద్రేనా? తెరిచినా నాకు అదేగా."

"మొత్తం ఇచ్చేశాడు."

"తప్పు చేశాడు" అని, మళ్ళీ తనే, "కానీ చేస్తాడులే. అలాంటివాడే" అన్నారు.

తర్వాత అన్నారు: "కన్ను కనపడే రోజుల్లో నువ్వు గుమ్మంలో కూర్చుని ఒకటి చదివేదానివి. నీలం అట్ట. పిలిచినా పలికేదానివి కాదు. అది తే."

తిరిగి ఇచ్చేశానని చెప్పాను.

15, ఆదివారం

ఇవ్వలేదు. బట్టల పెట్టె అడుగున ఉంది. దొరికిందని చెప్పి తెచ్చాను. ఇంకేం చేయను, రోజంతా అదే అడుగుతుంటే.

17, మంగళవారం

'తొమ్మిదో గాలి'ని మళ్ళీ చదవడం మొదటిసారి చదవడం కంటే కష్టం. ఏం రాబోతోందో తెలుసు, అయినా చేతులు చల్లబడతాయి. ఎనిమిది గాలులనూ తాళ్ళకు కట్టి ఓడ నడిపే ఆడమనిషి తొమ్మిదో గాలిని వెతుక్కుంటూ వెళ్తుంది. ఆవిడ కోపంగా ఉన్నప్పుడు వాక్యాలు పొట్టిగా వస్తాయి. గాలి పడిపోయినప్పుడు పేజీల తరబడి ఒకే వాక్యం. నేను చదువుతున్నాననే మరిచిపోయి ఊపిరి దానితో పాటే తీస్తున్నాను.

ఓడ మునిగే చోటికి వచ్చేసరికి ఐదుకు పది నిమిషాలు. పుస్తకం మూశాను.

"ఏయ్, ఎక్కడికి?" అన్నారు మామగారు.

"పాలకు టైమైంది."

"పాలు ఎక్కడికీ పోవు. కూర్చో. ఆ తాడు తెగిందా లేదా?"

పన్నెండు పేజీలు చదివాక గాని వదల్లేదు. నేను వెళ్ళేసరికి కేంద్రం ముందు వరస రోడ్డు దాకా ఉంది. గేదెల పెద్దమ్మ అందరికీ వినపడేలా, "పాలలో నీళ్ళు పట్టుకుంటావు గానీ గడియారంలో ముల్లు పట్టుకోలేవేమే?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చాక ఏదీ తినబుద్ధి కాలేదు.

19, గురువారం

లైబ్రరీ ఆవిడ నన్ను పరిశీలనగా చూసి, "ఇప్పుడు ఇవ్వొచ్చు" అంది. 'ఏడు వంతెనల రాజ్యం'. ఇటుకంత లావు. మొదటి పేజీలోనే మ్యాపు. చివరి అట్ట కాగితం మీద ఒకే ఒక్క మాట: "తీరిక ఉన్నవాళ్ళకి, ఓపిక ఉన్నవాళ్ళకి, ఎవరితోనో కలిసి చదివేవాళ్ళకి".

మామగారు మ్యాపు ఏముందో చెప్పమన్నారు. చెప్పాను. నమ్మలేదు. "మ్యాపు గీసేది వేరొకడు, నడిచేది వేరొకడు. నడిచినవాడినే నమ్మాలి" అని పాత చెక్క తలుపు ఒకటి మంచం మీద వేయించుకున్నారు. బయలుదేరిన ఊరికి ఒక మేకు. గట్టి దారం తీసుకుని, ఒక రోజు నడకకు ఒక ముడి. పుస్తకంలోని ప్రయాణికులు తూర్పుకు రెండు రోజులు నడిస్తే తూర్పుకు రెండు ముడుల దారం లాగి ఇంకో మేకు కొడతారు. అన్నీ వేళ్ళతోనే. ఒక్క దెబ్బ కూడా వేలి మీద పడలేదు.

"చివరికి వీళ్ళు ఇల్లు చేరతారా?" అని అడిగారు.

"చేరతారు."

"అయితే దారం మొదటి మేకు దగ్గరికే రావాలి. చూద్దాం వీడి సంగతి."

21, శనివారం

మూడు వంతెనలు దాటాం. రోజుకు తొంభై పేజీలు. నా గొంతు పోయింది, మామగారు తన కోసం కాచుకున్న వేడినీళ్ళు నాకిచ్చారు.

22, ఆదివారం

ఒక అధ్యాయం వదిలేశాను. మంచు కొండ మీద ముసలి దారి చూపేవాడికి తెల్లటి మంచు చూసి చూసి కళ్ళు పోతాయి. కళ్ళకు కట్టుకోవాల్సిన నల్లగుడ్డ మన కథానాయకుడి సంచిలోనే ఉంటుంది. ఇవ్వడం మరిచిపోతాడు. మామగారు విని బాధపడతారు. అందుకే వదిలేశాను, అంతకు మించి ఏమీ లేదు. కథకు లోటు రాలేదు.

24, మంగళవారం

డాక్టరుగారు తనే పాల కేంద్రానికి ఫోను చేశారు.

"వారమే ఉందండీ. నా మీద నమ్మకం లేకపోతే వేరే ఆస్పత్రికైనా తీసుకెళ్ళండి. ఆ కన్ను కూడా పోగొట్టుకోవద్దని చెప్పండి."

"చెబుతానండీ."

"ఆ మొదటి కేసు కాగితాలు ఎన్నిసార్లు తిరగేశానో. నా తప్పు ఎక్కడుందో దొరకడం లేదు. చుక్కలు సరిగానే వేశామన్నారు కదా మీరు?"

"అవునండీ" అన్నాను.

25, బుధవారం

లారీ ఆలస్యంగా వచ్చింది.

27, శుక్రవారం

ఈ రోజుది పూర్తిగా రాయాలి.

పుస్తకం అయిపోయింది. ఏడో వంతెన దాటి వాళ్ళు ఇంటి తలుపు తట్టారు. మామగారు చివరి ముడి లాగి, వేళ్ళతో మొదటి మేకును వెతికారు. దారం కొస దక్షిణంగా జానెడు దూరంలో ఆగిపోయింది. మళ్ళీ మొదటి నుంచి ముడులు లెక్కపెట్టుకుంటూ వచ్చారు. గంట పట్టింది.

"నాలుగు ముడులు తక్కువ. ఉత్తరానికి నాలుగు రోజుల నడక ఎక్కడో పోయింది" అన్నారు.

"కాస్త తేడా అంతేగా మామయ్యగారూ."

"సర్వేలో వేలెడు తేడా అయితే కొలిచిన అన్ని గీతలకూ కొంచెం కొంచెం పంచి సర్దేస్తాం. ఇది సర్దే తేడా కాదు." తలుపును పక్కకు నెట్టారు. "ఇంత రాసి, ఇన్ని వంతెనలు కట్టి, ఇక్కడ మోసం చేశాడు. లెక్క రానివాడు రాజ్యాలెందుకు కట్టాలి? ఆ డాక్టరు లాంటివాడే వీడూ. చెయ్యి తిన్నగా లేనివాడు పనికి దిగకూడదు."

ఎనిమిది వందల పేజీలు. మూడో అధ్యాయంలో తాగిన బావి పేరు నలభయ్యో అధ్యాయంలో గుర్తుపెట్టుకున్న మనిషి ఆ రాసినాయన. ఆయన్ని ఆ మాట అంటే వినలేకపోయాను.

"రాసినాయన తప్పు కాదు. నేనే ఒక అధ్యాయం వదిలేశాను."

"ఎందుకు?"

"అందులో ఒకాయనకు కళ్ళు పోతాయి."

"చదువు."

చదివాను. కళ్ళు పోయిన ముసలివాణ్ణి ఉత్తరాన ఒక మఠంలో దిగబెట్టడానికి వాళ్ళు సరిగ్గా నాలుగు రోజులు నడిచారు. నల్లగుడ్డ మాట దగ్గర తప్పు చదివి, మళ్ళీ చదివాను.  మామగారు మేకులు పీకి, నాలుగు ముడులు పైకి జరిపి, మళ్ళీ కొట్టారు. దారం కొస మొదటి మేకుకు తగిలింది.

"మహానుభావుడు" అన్నారు మెల్లిగా. తర్వాత, "ఇంకేం వదిలేశావు?"

పుస్తకాల్లో అనే అడిగారు. అది నాకు తెలుసు.

"చుక్కలు" అన్నాను.

ఆయన చేతిలో సుత్తి అలాగే ఉంది.

"లారీ ఆలస్యం కాలేదు. రెండు రోజులూ టైముకే వచ్చి వెళ్ళిపోయింది. నేను కేంద్రం వెనక గదిలో కూర్చుని చదువుకున్నాను. పన్నెండింటివి, రెండింటివి, నాలుగింటివి తప్పాయి, రెండు రోజులూ. డాక్టరుగారు అడిగితే వేశానని చెప్పాను. ఆయన చెయ్యి తిన్నగానే ఉంది."

మామగారు అడిగారు. "ఏ పుస్తకం?"

"తొమ్మిదో గాలి."

"ఎక్కడ?"

"మొదటి రోజు ఓడ మునిగే చోట. రెండో రోజు దీవిలో."

"నేను మొహం పైకి పెట్టి పడుకుని ఉన్నాను. రెండు రోజులూ" అన్నారు. "ఆ లారీవాణ్ణి తిట్టుకుంటూ."

సుత్తి మంచం మీద పెట్టి, గోడ పట్టుకుని అరుగు మీదికి వెళ్ళిపోయారు.

28, శనివారం

మాట లేదు. కంచం నా చేతి నుంచి తీసుకోలేదు, కింద పెట్టాక తీసుకున్నారు.

29, ఆదివారం

మాట లేదు. మా ఆయనకు ఫోను చేసి అంతా చెప్పాను. అటు నుంచి చాలాసేపు కోత మిషన్ చప్పుడే వినిపించింది. తర్వాత, "నాన్నకు చెప్పావా?" అన్నారు. చెప్పానన్నాను. "సరే" అని పెట్టేశారు.

30, సోమవారం

నేను ఉదయం పాల నుంచి వచ్చేసరికి మామగారు ఉతికిన చొక్కా వేసుకుని, చెప్పులు తొడుక్కుని, గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"అక్కడ ఆపడం కష్టమే" అన్నారు.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"ఆ ఓడ దగ్గర. మొన్న నేనే నిన్ను ఆపనివ్వలేదు. కష్టమే. కానీ ఆపాలి అమ్మాయ్."

"ఆపాలి మామయ్యగారూ."

"నిన్ను నేను ఇంకా క్షమించలేదు."

"తెలుసండీ."

"బస్సు ఎన్నింటికి?"

ఆస్పత్రిలో ఆయన కూర్చోలేదు. నిలబడే, "బాబూ, ఇన్నాళ్ళూ నిన్ను ఊరంతా తిట్టాను. తప్పు నీది కాదు. మా అమ్మాయి చెబుతుంది విను" అన్నారు. చెప్పాను. డాక్టరుగారు వింటూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ తుడుచుకున్నారు. చుక్కలు తప్పినందుకే కన్ను పోయిందని కచ్చితంగా చెప్పలేమన్నారు. కాదని కూడా చెప్పలేమన్నారు.  చుక్కల వేళలు పెద్ద అక్షరాలతో కొత్త కాగితం మీద రాసి, మామగారికి కాకుండా నా చేతికే ఇచ్చారు.

ఆపరేషన్ రేపే.

2, బుధవారం

ఆరు, ఎనిమిది, పది, పన్నెండు, రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది. అన్నీ.

3, గురువారం

అన్నీ. రెండు పూటలా పాలకు గేదెల పెద్దమ్మ కోడలు నా చోట కూర్చుంటోంది. ఆరింటికి నేను ఇంట్లో ఉన్నాను.

4, శుక్రవారం

అన్నీ. లైబ్రరీకి వెళ్ళి నీలం అట్ట పుస్తకం ఇచ్చేశాను. చివరి కాగితం మీద, "మనిషిని కనిపెట్టుకుని ఉండాల్సినవాళ్ళకి ఇవ్వకండి. ఇస్తే, పక్కన గడియారం పెట్టి ఇవ్వండి" అని రాశాను.

"ఇది సిఫారసా, ఫిర్యాదా?" అంది లైబ్రరీ ఆవిడ.

"రెండూనండీ. అంత మంచి పుస్తకం నేను ఇంతవరకు చదవలేదు."

కొట్టేయలేదు. భయపెట్టేది ఏదైనా కావాలని మామగారు అడిగారని చెబితే, 'బావిలో ఇల్లు' ఇచ్చింది. పట్టపగలు మాత్రమే చదవమంది.

7, సోమవారం

అన్నీ. ఆస్పత్రికి వెళ్ళి చూపించాం. ఎర్రదనం లేదు. డాక్టరుగారు మూడు వేళ్ళు చూపిస్తే మామగారు మూడని చెప్పి, "రెండో వేలికి సిరా అంటింది, కడుక్కో బాబూ" అన్నారు. నెల దాకా చదవడానికి వీల్లేదట.

8, మంగళవారం

'బావిలో ఇల్లు' రాసినావిడకు ఎంత ధైర్యమో. నూట నలభై పేజీల దాకా రాక్షసిని చూపించనే లేదు. చేద తాడు తడిగా ఉండటం, వంటింట్లో ఒక గిన్నె ఎక్కువ ఉండటం, అంతే. ఈ రోజు మధ్యాహ్నం అది బావిలోంచి మెట్లెక్కి వచ్చింది. పిల్ల ఒక్కతే ఇంట్లో ఉంది. తలుపు గడియ దానంతట అదే లేస్తోంది. మామగారు మంచం అంచు పట్టుకున్నారు. నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. తలుపు తెరుచుకుంది.

గడియారంలో రెండైంది. పుస్తకం మూశాను.

"ఏయ్! ఆపకు!"

"చుక్కలు, మామయ్యగారూ."

"అది గుమ్మంలో నిలబడి ఉందే!"

"ఉండనివ్వండి."

"ఆ పిల్లను తినేస్తుందే!"

"తినదు. నేను చదివితే గాని కదల్లేదది. మొహం పైకి పెట్టండి."

తిట్టుకుంటూనే మొహం పైకి పెట్టారు. ఒక చుక్క వేశాను. కళ్ళు మూసుకుని ఐదు నిమిషాలు ఉండాలి. గడియారం చూస్తూ పక్కనే కూర్చున్నాను.  ఆ ఐదు నిమిషాలూ రాక్షసి గుమ్మంలోనే నిలబడింది.